నుయ్యి అద్దంలా ఉందని తాగేయకండి: వానాకాలంలో తాగే నీళ్లు కాపాడుకోవడం ఎలా?

ఒడిశాలో రాయగడ జిల్లాలోని మా గుణుపురంలో వానలు మొదలైన వారానికల్లా వంశధార రంగు మారిపోతుంది. ఎగువ కొండల మీద కురిసిన వానంతా ఎర్రమట్టిని వెంటబెట్టుకుని దిగుతుంది. ఏరు ఎర్రబడిందంటే ఎవరికీ చెప్పక్కర్లేదు, ఆ నీళ్లు ఎవరూ ముట్టరు. పెరట్లో నుయ్యి మాత్రం అద్దంలా ఉంటుంది. చేద వేసి తోడుకుని, చెంబు ముంచుకుని, అక్కడే నిలబడి గటగటా తాగేస్తాం. అసలు భయపడాల్సింది ఆ అద్దానికే.

2007లో రాయగడ, కొరాపుట్, కలహండి జిల్లాల్లో కలరా వచ్చింది. 2022 జులైలో మళ్లీ మన జిల్లాలోనే కాశీపూర్ బ్లాకులో వచ్చింది. అలాంటప్పుడు గోడల మీద 'పాణి ఫుటాయి పిఅంతు' అని రాస్తారు. మన ఇళ్లలో ముసలివాళ్లకి ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. 'నీళ్లు మరగబెట్టి తాగండి' అని దాని అర్థం. అంతవరకే గోడ చెబుతుంది. మరగబెట్టాక ఏ గిన్నెలో పోయాలి, నూతిలో బ్లీచింగ్ పొడి ఎంత వేయాలి, ఎలా వేయాలి అన్నవి గోడ మీద పట్టవు. అవే ఇక్కడ రాస్తున్నాను. గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి, జయపురం వైపు నుయ్యో బోరింగో గెడ్డో (చిన్న వాగో) ఆధారంగా బతికే ఇళ్లన్నిటికీ ఇది పనికొస్తుంది.

నీళ్లలో ఎవరుంటారు?

పద్ధతి మొదలుపెట్టే ముందు ఈ సంగతి బుర్రకెక్కాలి. ఎంత మంచి నీళ్లయినా ఖాళీగా ఉండవు. చెంచాడు చెరువు నీళ్లలో లక్షల కొద్దీ బ్యాక్టీరియా ఉంటుంది. కుళాయి నీళ్లలోనూ ఉంటుంది, తక్కువగా. అదొక ఊరు అనుకోండి. అందులో ఊరివాళ్లు కొందరు. నూతి గోడకు అంటుకున్న పాచి, ఇనుము తిని బతికే బ్యాక్టీరియా, ఆ బ్యాక్టీరియాను మేసే ఏకకణ జీవులు, వాటిని మింగే నీటి పురుగులు. వీళ్ల వల్ల మనకు చాలావరకు హాని లేదు. పైగా బయటివాళ్లు వస్తే వీళ్లే తినేస్తారు కూడా.

రెండోరకం దొంగలు. కలరా, టైఫాయిడ్, జిగట విరేచనాలు తెచ్చే క్రిములు, కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు, పిల్లలకు విరేచనాలు తెచ్చే రోటా వైరస్, జియార్డియా అనే ఏకకణ జీవి. మన నూతిలోకి వీళ్లందరూ వచ్చే దారి దాదాపు ఒకటే: మనిషి మలం. ఒంట్లోని వెచ్చదనానికి, తిండికి అలవాటుపడినవి కనుక చల్లటి నూతిలో వీటిలో చాలా బ్యాక్టీరియాకు ఎక్కువ రోజులు గడవదు. కలరా బ్యాక్టీరియా మాత్రం గడుసుది. నీళ్లలో ఈదే సన్న పురుగుల పెంకులకు అతుక్కుని కాలక్షేపం చేయగలదు.

కాబట్టి నీళ్లలో జీవమే లేకుండా చేయాలని తాపత్రయపడకండి. అది అయ్యే పని కాదు, అక్కర్లేదు కూడా. దొంగ రాకుండా చూడాలి. వచ్చాడేమో అనుకుని రోజూ చంపాలి. చంపాక మళ్లీ మన చేత్తో మనమే లోపలికి తేకూడదు. ఈ మూడోదాని దగ్గరే ఎక్కువ ఇళ్లు దెబ్బతింటాయి.

ముందుగా నూతి చుట్టూ ఓసారి తిరగండి

వాన పడుతుండగా తిరిగితే ఇంకా మంచిది. నీళ్లు ఎటునుంచి ఎటు పారుతున్నాయో కంటితోనే తెలుస్తుంది.

మరుగుదొడ్డి గుంత, పశువుల సాల, పెంటకుప్ప నూతికి కనీసం 15 మీటర్లు, అంటే 50 అడుగుల దూరంలో ఉండాలి. పల్లంలో నుయ్యి, మెరకలో దొడ్డి ఉంటే ఆ దూరం కూడా చాలదు. నూతి గట్టు రెండున్నర అడుగుల ఎత్తు ఉండాలి. చుట్టూ గజం వెడల్పున సిమెంటు చపటా వేసి, ఒలికిన నీళ్లు దూరంగా పోయేలా వాలు పెట్టాలి. ఒరల మధ్య సందులు, ముఖ్యంగా పై 20 అడుగుల్లో ఉన్నవి, పూడ్చించండి. భూమిలో లోతుగా ఇంకిన నీళ్లను మట్టే వడకడుతుంది. పైపైన జారి, సందులోంచి నూతిలో పడే నీళ్లకు ఆ వడపోత ఉండదు. ఎర్రటి ధార ఒరల మీదుగా కారిన మరక కనిపించిందా, అదే దొంగ వచ్చిన దారి.

చేద, చేంతాడు నేల మీద పడేయకండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కోళ్లు తిరిగిన నేల మీద పడి ఉన్న తాడు రోజుకు ఇరవైసార్లు నూతిలో మునుగుతుంది. గిలక పక్కన ఒక మేకు కొట్టి దానికి తగిలించండి.

బోరింగు అయితే లోతు నీళ్లు కనుక మామూలుగా నూతికన్నా నయం. కాకపోతే గట్టు పగిలితే పైనున్న మురుగు గొట్టం వెంబడే కిందికి దిగుతుంది. పగుళ్లు చూసుకోండి. మన వైపు చాలా బోరింగుల్లో ఇనుము ఎక్కువ. నీళ్లు పట్టిన కాసేపటికి ఎర్రబడతాయి, టీ పెడితే నల్లగా అవుతుంది. గొట్టం మూతి దగ్గర తుప్పు రంగు జిగురు కనిపిస్తుంది, అది ఇనుము బ్యాక్టీరియా. చూడ్డానికి అసహ్యంగా ఉన్నా అది ఊరివాళ్ల జాబితాలోదే. దానితో ఉన్న చిక్కల్లా, దొంగల్ని చంపడానికి మనం వేసే క్లోరిన్ మందుని ఇనుము మింగేస్తుంది. అలాంటి నీళ్లను ఓ రాత్రి బిందెలో ఉంచి, తేరుకున్నాక పైవి వంచుకుని, ఆ తర్వాతే మందు వేయండి.

కుళాయి ఉన్నవాళ్లు ధీమాగా ఉండకండి. నీళ్లు వదలని వేళ గొట్టం ఖాళీగా ఉంటుంది. అతుకు ఎక్కడ వదులుగా ఉంటే అక్కడ పక్కకాలవ నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. నీళ్లు వదిలిన మొదటి అయిదు నిమిషాలవి అంట్లకో మొక్కలకో వాడి, తర్వాతవి పట్టుకోండి.

గెడ్డ పక్కన ఇసుకలో చలమ తీసుకునేవాళ్లు, కొండ ఊట నీళ్లు తెచ్చుకునేవాళ్లు, అంటే ఒడియావాళ్లు చువా అనేది, కింద చెప్పినవన్నీ ఒక్కటీ వదలకుండా చేయాల్సిందే.

మట్టి నీళ్లయితే ముందు తేర్చండి

మట్టి రేణువు వెనక బ్యాక్టీరియా దాక్కుంటుంది. పైగా క్లోరిన్ మట్టితో, ఆకు చెత్తతో పోట్లాడి అయిపోతుంది, దొంగల దాకా రాదు. అందుకే బురద నీళ్లలో క్లోరిన్ బిళ్ల వేస్తే ఆ బిళ్ల దండగ.

పటిక ముక్కను నీళ్లలో నాలుగైదు చుట్లు తిప్పి, గంట రెండు గంటలు కదపకుండా వదిలేస్తే మట్టి అడుక్కి దిగుతుంది. చాలామంది పటికను చేత్తో పట్టుకుని, మణికట్టు దాకా బిందెలో ముంచి తిప్పుతారు. శుభ్రం చేయబోయి చేయి కడిగినట్టే! పటికకు దారం కట్టి, పొడుగు కర్రకు వేలాడదీసి తిప్పండి. పెద్దవాళ్లున్న ఇళ్లలో చిల్లగింజ ఉంటుంది. సాన మీద నాలుగు చుక్కల నీళ్లతో అరగదీసి ఆ గంధం కలిపినా మట్టి విరిగి కిందికి దిగుతుంది. ఇది నమ్మకం మాత్రమే కాదు. ఆ గింజలో ఉన్న పదార్థం మట్టి రేణువులను ఒకదానికొకటి అంటించి బరువెక్కిస్తుంది.

ఆ తర్వాత వడకట్టడం. పాత నూలు చీర, ఉతికి ఉతికి మెత్తబడినది, కనీసం నాలుగు మడతలు వేయండి. కొత్త గుడ్డ కన్నా పాత గుడ్డ ఎందుకు మేలంటే, ఉతికే కొద్దీ నూలు పోగులు విచ్చుకుని మధ్యలో కన్నాలు చిన్నవవుతాయి. బంగ్లాదేశ్ పల్లెల్లో అమెరికా శాస్త్రవేత్త రీటా కోల్వెల్ బృందం ఇలా చీరతో వడకట్టించి చూసింది. 2003లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం కలరా 48 శాతం తగ్గింది. బ్యాక్టీరియా గుడ్డకు ఆగేంత పెద్దది కాదు. అది అతుక్కున్న పురుగు ఆగుతుంది, దానితోపాటు ఇదీ ఆగుతుంది. అంతే కిటుకు. సగం తగ్గిందంటే మిగతా సగం ఉందనే కదా, అందుకే వడకట్టి ఊరుకోకూడదు. వడకట్టిన గుడ్డను వెంటనే ఉతికి ఎండలో ఆరేయండి. మర్నాడు తిరగేసి వాడితే నిన్న ఆగినవన్నీ ఇవాళ బిందెలో పడతాయి.

మరగబెట్టడం

నాకు తెలిసి ఇంతకు మించిన పద్ధతి లేదు. బ్యాక్టీరియా, వైరస్, క్లోరిన్‌కి తేలిగ్గా లొంగని జియార్డియా లాంటివి, అన్నీ చస్తాయి. అడుగున చిన్న బుడగలు కనిపిస్తే చాలదు. నీళ్లు కుతకుత పొర్లాలి, అలా ఒక నిమిషం ఉంచండి. కొరాపుట్ మెట్ట మీద నీళ్లు కొంచెం తక్కువ వేడికే, 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. దాని వల్ల ఇబ్బంది లేదు. ఇరవై నిమిషాలు మరిగించాలని కొందరు చెబుతారు. గ్యాసు, కట్టెలు దండగ చేసుకుని నాలుగో రోజుకు విసుగొచ్చి మానేయడం కన్నా, ఒక్క నిమిషం చొప్పున కార్తీకం దాకా సాగించడం మంచిది.

ఏ గిన్నెలో మరిగించారో అందులోనే మూతపెట్టి చల్లారనివ్వండి. మరిగించిన నీళ్లను నిన్నటి బిందెలో పోశారా, పడిన శ్రమంతా ఏట్లో కలిసింది.

చంటిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు ఉంటే వాళ్లవరకైనా మరిగించినవే ఇవ్వండి. ఇంటిల్లిపాదికీ కట్టెలు సరిపోకపోతే మిగతావాళ్లకు క్లోరిన్.

నూతిలో బ్లీచింగ్ పొడి వేయడం

మొదటిసారి నేను చేసిన తప్పు ముందు చెబుతాను. అర కిలో పాకెట్టు చింపి, పొడి పొడిగానే నూతిలో గుమ్మరించాను. తెల్లటి ముద్దలు తేలి, తర్వాత మునిగిపోయాయి. మా నాయనమ్మ ఒక్క గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేసి, "ఓలమ్మ! ఇదేటిరా, ఆసుపత్రిలో నేల తుడిసిన నీళ్లా?" అంది. నాలుగు రోజులు వీధి చివర బోరింగు నుంచి మోసుకున్నాం. ఆ తర్వాత ఎవరైనా 'నూతిలో పొడి వేద్దాం' అంటే చాలు, మా ఇంట్లో అందరూ నావైపు చూసేవారు.

లెక్క చాలా తేలిక. చేంతాడుకు రాయి కట్టి నూతి అడుగుదాకా వదలండి. తాడు ఎంతవరకు తడిసిందో కొలిస్తే నీటి లోతు వస్తుంది. నూతి వెడల్పు అడ్డంగా కొలవండి. రెండూ అడుగుల్లో. ఇప్పుడు వెడల్పును వెడల్పుతో గుణించి, దాన్ని లోతుతో గుణించి, వచ్చినదాన్ని 22తో గుణిస్తే నూతిలో ఎన్ని లీటర్లున్నాయో తెలుస్తుంది. 6 అడుగుల వెడల్పు, 10 అడుగుల నీళ్లు ఉంటే 6 × 6 × 10 × 22, అంటే 7,920. ఎనిమిది వేల లీటర్లు అనుకుందాం. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి చొప్పున 20 గ్రాములు చాలు. నేను అర కిలో పోశాను!

ఊళ్లో విరేచనాలు ఉన్నప్పుడు, లేదా పొడి పాతదైనప్పుడు దానికి రెట్టింపు వేయొచ్చు. తాజా పొడిలో మూడో వంతు దాకా క్లోరిన్ ఉంటుంది. వానాకాలం గాలికి మూత తెరిచి ఉంచితే అది ఎగిరిపోయి చివరికి సున్నం మిగులుతుంది. డబ్బా తెరవగానే ముక్కు మండకపోతే ఆ పొడి పనికిరాదు. కిరాణా కొట్టులో తూయించి, ఒక్కో మోతాదు ఒక్కో గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుంటే సులువు. పిల్లలకు అందకుండా, ఇనుప వస్తువులకు దూరంగా పెట్టండి.

వేసే పద్ధతి ఇది. సాయంత్రం అందరూ తోడుకోవడం అయ్యాక మొదలుపెట్టండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ప్లాస్టిక్ బకెట్‌లో పొడి వేసి కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ దోసెల పిండిలా చేయండి, తర్వాత బకెట్ ముప్పాతిక నిండేదాకా నీళ్లు పోసి కలపండి. పది నిమిషాలు వదిలేస్తే సున్నం అడుక్కి దిగుతుంది. పైనున్న తేట నీళ్లను మాత్రం వేరే బకెట్‌లోకి వంచుకోండి. అడుగున మిగిలిన సున్నం నూతిలో పోయకండి, పోస్తే నీళ్లు కటికగా అవుతాయి. తేట ఉన్న బకెట్‌ను తాడుతో నీళ్ల లోపలికి దింపి, అటూ ఇటూ గుంజుతూ పైకీ కిందికీ ఆడించండి. పైనుంచి ఒంపితే మందు పైపొరలోనే ఉండిపోతుంది.

కనీసం గంట ఆగాలి. రాత్రంతా వదిలేస్తే ఇంకా నిశ్చింత. పంచాయతీలోనో ఆశా దీదీ దగ్గరో క్లోరిన్ చూసే చిన్న పెట్టె ఉంటే గంట తర్వాత చూడండి. లీటరుకు 0.5 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. ఏమీ మిగల్లేదంటే నూతిలో చెత్త ఎక్కువుందన్నమాట, ఇంకో సగం మోతాదు వేయండి. గొట్టపు నీళ్లకైతే మన కుళాయి దగ్గర 0.2 ఉన్నా చాలునని భారత ప్రమాణం.

ఎంతకాలం పనిచేస్తుందంటారా? నిజం చెప్పాలంటే ఒక రోజు. ఊట నీళ్లు వస్తూనే ఉంటాయి, జనం తోడుతూనే ఉంటారు, క్లోరిన్ తరుగుతూనే ఉంటుంది. మామూలు వానాకాలంలో వారానికోసారి, ఊళ్లో జబ్బు ఉంటే రోజూ వేయాలి. అందుకే నూతిలో మందు పడిందన్న ధైర్యంతో ఇంట్లో పని మానకండి.

ఇంట్లో బిళ్లలు

వానాకాలంలో ఆశా దీదీలు హాలోజన్ బిళ్లలు, అంటే నీళ్లలో వేసే క్లోరిన్ బిళ్లలు, పంచుతారు. మందుల షాపుల్లోనూ దొరుకుతాయి. అన్ని బిళ్లలూ ఒకటి కావు. కొన్ని లీటరుకు ఒకటి, కొన్ని ఇరవై లీటర్లకు ఒకటి. పాకెట్ మీద ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది, బడికి వెళ్లే పిల్లలచేత చదివించుకోండి. ఆమాటకొస్తే మీ బిందె ఎన్ని లీటర్లో మీకు తెలుసా? లీటరు సీసాతో ఒకసారి కొలిచి, బిందె మీద మేకుతో గీసిపెట్టుకోండి. బిళ్ల వేశాక అరగంట ఆగి తాగాలి. వాసన పడకపోతే ఇంకాసేపు పలచటి గుడ్డ కప్పి ఉంచండి, తగ్గుతుంది.

బిందె, చెంబు, చేయి

ఖాళీ బిందె లోపలి గోడకు వేలు రాసి చూడండి. జారుతుందా? అది పాచి పొర. బ్యాక్టీరియా గోడకు అతుక్కుని, చుట్టూ తనే ఒక బంక చేసుకుని, అందులో కాపురం పెడుతుంది. నీళ్లలో విడిగా తేలేవాటికన్నా గోడలకు, గొట్టాలకు ఇలా అంటుకుని బతికేవే ఎక్కువ. ఆ బంకలోకి క్లోరిన్ అంత తేలిగ్గా దిగదు. మామూలుగా ఆ పొర ఊరివాళ్లదే. ఒకసారి దొంగ దూరితే వాడికీ అదే ఇల్లు, రోజూ కొంచెం కొంచెంగా నీళ్లలోకి దిగుతుంటాడు.

దీనికి మందు తోమడమే. తొలిపి పారబోస్తే పొర పోదు. రోజూ పీచుతో, సబ్బుతోనో బూడిదతోనో లోపల గోడలు, మెడ కింద ఒంపు గట్టిగా రుద్ది కడగండి. తర్వాత ఎండలో బోర్లించండి. తడి పోతే ఆ పొర బతకదు. రెండు బిందెలు పెట్టుకుని ఒకరోజు ఒకటి, మర్నాడు ఇంకొకటి వాడితే ఆరడానికి టైము దొరుకుతుంది. ఇత్తడి బిందెను చింతపండుతో మెరిపించేవాళ్లు కొందరు బయటే మెరిపిస్తారు. చుట్టాలు బయట చూస్తారు, నీళ్లు లోపల ఉంటాయి. మేడ మీద ట్యాంకు ఉంటే వానలకు ముందోసారి, దసరా అయ్యాక ఒకసారి దిగి తోమించండి.

రాగి బిందెలో రాత్రంతా ఉంచడం మంచిదే. పదహారు గంటలు ఉంచితే విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా చచ్చినట్టు పరిశోధనలో తేలింది. కానీ మనం పొద్దున్న పట్టి మధ్యాహ్నానికే తాగేస్తాం. లోపల రాగి కళ్లకు కనిపించకుండా చిలుం పడితే అదీ పనిచేయదు.

ఇక చెంబు ముంచడం. బావి దగ్గర్నుంచి ఇంటికొచ్చేలోపు, ఇంటికొచ్చాక నోటిదాకా వెళ్లేలోపు నీళ్లు ఎక్కువగా పాడవుతాయని చాలాచోట్ల చేసిన పరిశీలనల్లో తేలింది. చెంబు ముంచినప్పుడు వేళ్లు మునుగుతాయి. పిల్లాడు దొడ్డికెళ్లి వచ్చి గ్లాసు ముంచితే చెప్పేదేముంది. 1980ల్లో కలకత్తా మురికివాడల్లో వెడల్పు మూతి కుండల బదులు సన్న మెడ కూజాలు ఇచ్చి చూస్తే కలరా అంటుకోవడం తగ్గింది. మందూ లేదు, మంత్రమూ లేదు. చేయి పట్టకపోవడమే. కూజా తెచ్చుకోండి, వంచుకుని తాగండి. లేకపోతే అడుగున కుళాయి ఉన్న డబ్బా కొనండి. అదీ కుదరకపోతే పొడుగు కాడ గరిటె ఒకటి బిందెకే కేటాయించి, గోడకు మేకు కొట్టి తగిలించండి. బిందె మీద బోర్లించకండి, బల్లి తిరుగుతుంది.

దొడ్డికి వెళ్లొచ్చాక, పిల్లల్ని కడిగాక, వంటకు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం గురించి వేరే చెప్పను.

మన తిండిలో ఇంకో దొంగదారి ఉంది. అన్నం ఉడికించే నీళ్లు ఏవైనా ఫరవాలేదు, ఉడుకుతాయి. తర్వాత చద్దన్నంలో పోసే నీళ్లు? ఒడియావాళ్ల నీటి చద్ది పఖాళలో, అంబలిలో, మజ్జిగలో పోసేవి? పులిసిన చద్దిలో ఊరివాళ్లు, అంటే పెరుగులో ఉండే జాతి బ్యాక్టీరియా, పులుపు పుట్టించి దొంగల్ని అణిచే మాట నిజమే. కానీ తినబోయే ముందు చెంబుడు పచ్చినీళ్లు పోసి కలిపితే ఆ పులుపు ఎప్పుడు పనిచేయాలి? అందులోకీ తాగే నీళ్లే పోయండి. గుప్‌చుప్ (పానీపూరీ) బండి దగ్గర మాత్రం నేను చెప్పినా మీరు వినరు. కనీసం ఆషాఢ, శ్రావణాల్లోనైనా మానండి.

మందు దొరకనప్పుడు

రంగులేని ప్లాస్టిక్ సీసాలో తేట నీళ్లు పోసి, రేకు మీద ఆరు గంటలు ఎండలో పడుకోబెట్టండి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు బ్యాక్టీరియా చస్తుంది. మబ్బుగా ఉంటే రెండు రోజులు ఉంచాలి. ముసురు పట్టిన రోజున ఈ పద్ధతి లేదనుకోండి.

నీళ్లు బాగున్నాయో లేదో చూడటం

నల్లబడే సీసా అని ఒకటుంది. 1982లో మన దేశపు శాస్త్రవేత్తలే కనిపెట్టారు. లోపల మందు పూసిన కాగితం ఉంటుంది. గీత వరకు నీళ్లు పోసి, మూతి లోపలికి వేలు తగలకుండా బిగించి, పొయ్యి దగ్గర గోరువెచ్చగా ఉండేచోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. మలంతోపాటు వచ్చే బ్యాక్టీరియా ఉంటే వాటి నుంచి వచ్చే వాయువుకు కాగితం నల్లబడుతుంది. నల్లబడితే ఆ నీళ్లు మరిగించకుండా తాగొద్దు. నల్లబడలేదంటే ఇవాళ్టికి మాత్రమే పాసైనట్టు, రేపు వానపడితే మళ్లీ చూడాలి. క్లోరిన్ వేసిన రోజు నీళ్లతో ఈ పరీక్ష చేయకండి, అర్థం ఉండదు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పించాలని నియమం. మీ ఊళ్లో వాళ్లెవరో వార్డు మెంబరును అడిగి తెలుసుకోండి. పెట్టె బీరువాలో మూలుగుతుంటుంది, అడిగితేనే బయటికొస్తుంది.

చూశాక నల్ల సీసాను పెరట్లో పారబోయకండి. అందులో ఉన్నవాటిని మనమే రెండు రోజులు పెంచాం. బ్లీచింగ్ నీళ్లు పోసి గంట ఉంచి, దొడ్లో పోసేయండి.

ఇంట్లో ఎవరికైనా మొదలైతే

కలరా విరేచనం కడుగు నీళ్లలా ఉంటుంది. గంటల్లోనే మనిషి కళ్లు పీక్కుపోతాయి. పూర్వం మరిడి అనేవారు, అమ్మవారికి మొక్కేవారు. మొక్కండి, ఎవరు కాదన్నారు, ఒక చేత్తో గ్లాసు మాత్రం వదలొద్దు. ఈ బ్యాక్టీరియా విడిచే విషం పేగును నీళ్లు కార్చేలా చేస్తుందని 1959లో కలకత్తాలో శాస్త్రవేత్త శంభునాథ్ దే చూపించాడు. పేగు నీళ్లు కార్చుతున్నా పంచదార, ఉప్పు కలిపి ఇస్తే వాటితోపాటు నీళ్లనూ పీల్చుకుంటుంది. 1971లో బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి తగ్గాయి.

ఓఆర్ఎస్ పాకెట్టు మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపండి. సగం సగం కలపొద్దు. పాకెట్ లేకపోతే లీటరుకు ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచాతో పోయండి. తల్లిపాలు, గంజి ఆపకండి. పిల్లలకు 14 రోజులు జింక్ బిళ్లలు ఆశా దీదీ ఇస్తుంది. తాగలేకపోయినా, మగతగా ఉన్నా, ఉచ్చ రాకపోయినా, కడుగు నీళ్లలా ఆగకుండా పోతున్నా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. దారి పొడుగునా తాగిస్తూనే ఉండండి.

ఇంట్లో మిగిలినవాళ్లు చేయాల్సింది ఒకటుంది. ఆ మనిషి పక్కబట్టలు, గుడ్డలు మూటకట్టి గెడ్డకో నూతి గట్టుకో తీసుకెళ్లి ఉతక్కండి. కింద ఉన్న ఊరు ఆ గెడ్డలోనే చలమ తీసుకుంటుంది. బకెట్‌లో బ్లీచింగ్ నీళ్లు కలిపి అందులో అరగంట నానబెట్టండి. నానిన నీళ్లు, కక్కినవి, విరేచనం అన్నీ దొడ్లో పోసి పైన గుప్పెడు పొడి చల్లండి. దొడ్డి లేకపోతే నూతికి 50 అడుగుల అవతల, పల్లం వైపు, గొయ్యి తీసి పోసి మట్టి కప్పండి. ఆ రాత్రే నూతిలో రెట్టింపు మోతాదు వేసి, ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లి చెప్పండి.